ఆకు అడుగున, దోమ కడుపున

మేడ్చల్, శామీర్‌పేట, కీసర పల్లెల్లో ఒకప్పుడు ద్రాక్ష తోటలు విస్తారంగా ఉండేవి. ఇవాళ గోదాములు లేచిన నేలలో, ప్లాట్ల హద్దురాళ్లు పాతిన నేలలో రాతి కడీలు నిలబెట్టి, తీగలను పందిళ్లకు పాకించి అనాబ్-ఎ-షాహి, థాంప్సన్ సీడ్‌లెస్ రకాలు పండించారు. ఆ పందిళ్ల కింద తిరిగిన రైతులు మరిచిపోలేని తెగుళ్లు రెండున్నాయి. ఒకటి బూజు తెగులు, రెండోది బూడిద తెగులు. రెండింటికీ ఆకు మీద తెల్లటి పూతే గుర్తు. మందులు మాత్రం వేరు. బూడిద తెగులు గంధకానికి లొంగుతుంది. బూజు తెగులు లొంగదు. దానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొట్టాలి, అదీ తెగులు కనపడకముందే కొట్టాలి. పోల్చుకోవడంలో పొరపాటు పడితే ఏడాది కష్టం పందిరి మీదే మాడిపోతుంది.

ఇంత తేడా ఎందుకో మామూలు కంటితో ఎంతసేపు చూసినా తెలియదు. బూజు సోకిన ఆకును తిరగేసి మైక్రోస్కోపు కింద పెడితే తెలుస్తుంది. ద్రాక్ష ఆకుకు గాలి పీల్చే రంధ్రాలు అడుగు వైపునే ఉంటాయి. కొమ్మలుగా చీలిన సన్నటి కాడలు ఆ రంధ్రాల్లోంచి బయటికి పొడుచుకొచ్చి, కొసల మీద నిమ్మపండు ఆకారంలో సంచులు మోస్తుంటాయి. ఒక చుక్క నీరు తగిలితే ఆ సంచులు పగిలి, రెండేసి తోకలున్న జీవులు బయటపడతాయి. అవి ఆకు మీది తడిలో ఈదుకుంటూ పోయి మరో రంధ్రం వెతుక్కుంటాయి, అందులోంచి ఆకు లోపలికి దారి చేసుకుంటాయి. అక్టోబరులో కొమ్మలు కత్తిరించి, లేత చిగుళ్లు వచ్చిన వేళ వాన పడితే రైతు గుండె ఎందుకు జారేదో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ వాన తెగులుకు దారి పరుస్తుంది. రాగి మందు ఆకు మీద ముందే ఉంటే ఈదే దశలోనే ఆ జీవి చస్తుంది, లోపలికి దిగాక అది అందదు. బూడిద తెగులు ఇలా దాక్కోదు. దాని దారాలన్నీ ఆకు పైపొర మీదే పరుచుకుని, పీల్చుకునే కొనలను మాత్రమే పైపొర కణాల్లోకి దించుతాయి. దానికి తడి కూడా పెద్దగా అక్కర్లేదు. ఒంటి మీదే ఉన్న శత్రువు కనుక గంధకం దాన్ని నేరుగా తాకుతుంది.

మైక్రోస్కోపు చిన్నదాన్ని పెద్దగా చూపిస్తుందని బడిలో చెబుతారు. అది నిజమే, కానీ సగం నిజం. బూజు కాడలను ఎంత పెద్దవి చేసి చూసినా, పక్కన బూడిద తెగులు ఆకు లేకపోతే, ఆరోగ్యంగా ఉన్న ఆకు లేకపోతే, ఆ బొమ్మ నోరు విప్పదు. ఏ రంధ్రం ఎటు వైపు ఉంది, ఏ దారం పైన ఉంది, ఏది లోపల ఉంది అని ఒకదాన్ని ఇంకోదానితో సరిచూసినప్పుడే ప్రకృతి పనితీరు బయటపడుతుంది. లెన్సు చేసేది సగం పని. మిగతా సగం చూసే మనిషి చేయాలి.

ఆ తోటలు పెరిగిన నేల సంగతీ అంతే. ఈ ప్రాంతమంతా గుండ్లు పేర్చినట్టున్న గుట్టలు, వాటి చుట్టూ ఎర్ర చెల్క. ఆ బండ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. భూగర్భ శాస్త్రవేత్తలు బండ నుంచి చిన్న ముక్క కోసి, గాజుపలకకు అంటించి, మిల్లీమీటరులో వందకు మూడు వంతుల మందం మిగిలేదాకా అరగదీస్తారు. అంత పల్చనయ్యాక రాయిలోంచి వెలుగు దూరుతుంది. దాన్ని ధ్రువణ కాంతి మైక్రోస్కోపులో పెట్టి, పలకను మెల్లగా తిప్పుతూ చూస్తారు. ఒక్క చుట్టులో క్వార్ట్జు అనే ఖనిజం నాలుగుసార్లు వెలుగుతుంది, నాలుగుసార్లు చీకటవుతుంది. పక్కనున్న ఫెల్డ్‌స్పార్ ఒక రకమైతే చారలు చూపిస్తుంది, మైక్రోక్లైన్ అయితే గళ్ల తువ్వాలు పరిచినట్టు కనిపిస్తుంది. కదలకుండా పెట్టిన రాయి ఇందులో ఒక్క సంగతీ చెప్పదు. తిప్పి, ఈ కోణంలో ఎలా ఉంది, ఆ కోణంలో ఎలా ఉంది అని చూసేవారికే చెబుతుంది. ఎండకూ వానకూ నలిగిన బండ ముక్కను పెడితే ఇంకో విషయం తెలుస్తుంది. ఫెల్డ్‌స్పార్ మసకబారి మట్టిగా మారుతుంటే, పక్కనే క్వార్ట్జు గింజలు చెక్కుచెదరకుండా నిర్మలంగా ఉంటాయి. చెల్క నేల చేతిలోకి తీసుకుంటే ఇసుకగా రాలడానికి, నీళ్లు నిలవకుండా ఇంకిపోవడానికి మూలం అక్కడుంది.

మేడ్చల్ వెళ్లే దారైనా, శామీర్‌పేట వెళ్లే దారైనా సికింద్రాబాద్ నుంచే మొదలవుతుంది. మైక్రోస్కోపు చరిత్రలో ఈ నేలకు దక్కిన అతి పెద్ద రోజు కూడా సికింద్రాబాద్‌దే. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ బేగంపేటలో ఒక దోమ కడుపును కోసి చూశాడు. మలేరియా క్రిమిని అప్పటికే 1880లో అల్జీరియాలో ఫ్రెంచి వైద్యుడు లావెరాన్ రోగి రక్తంలో చూశాడు. అది మనిషి నుంచి మనిషికి ఎలా చేరుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. దోమల ద్వారా కావచ్చని లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఊహించాడు. ఆ ఊహను పట్టుకుని రాస్ రెండేళ్లుగా దోమలను కోస్తూనే ఉన్నాడు. బూడిద రంగువి కోశాడు, చారలవి కోశాడు. ఎందులోనూ ఏమీ దొరకలేదు.

వేసవి ఉక్క అంటే ఏమిటో ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఉక్కలో పంకా ఊపించుకునే వీల్లేదు, గాలికి దోమలు ఎగిరిపోతాయి. నుదుటి చెమట, చేతుల చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి. మిగిలిన ఒకే ఒక్క కంటి కటకానికి పగులు. ఆగస్టులో లార్వాల నుంచి పెంచిన కొత్త రకం దోమలు కొన్ని దొరికాయి, రెక్కల మీద చుక్కలున్నవి. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి దోమకు ఒక అణా చొప్పున తీసుకుని వాటిచేత కుట్టించుకున్నాడు. ఈ కథలో అతని పేరు రాస్ పేరంత గట్టిగా వినపడాల్సింది.

కుట్టిన నాలుగో రోజు రాస్ కోసిన దోమ కడుపు గోడలో గుండ్రటి కణాలు కొన్ని కనిపించాయి. దోమ కడుపులో అలాంటివి ఉండకూడదని అతనికి తెలుసు, ఎందుకంటే అప్పటికి లెక్కలేనన్ని దోమ కడుపులు చూసి ఉన్నాడు. ఆ కణాల్లో నల్లటి రేణువులున్నాయి. మలేరియా క్రిమి మనిషి రక్తంలోని ఎర్ర పదార్థాన్ని తిని మిగిల్చే రేణువులు సరిగ్గా అవే. రోగి నెత్తుటిలో చూసిన గుర్తు దోమ కడుపులో కనిపించింది. అయినా రాస్ అక్కడితో ఆగలేదు. మరుసటి రోజు మిగిలిన దోమను కోశాడు. అందులోనూ అవే కణాలు, నిన్నటి కంటే పెద్దవి. అంటే అవి పెరుగుతున్నాయి, అంటే ప్రాణమున్నవి.

ఈ రెండో రోజును చాలామంది చెప్పకుండా వదిలేస్తారు. పండుగంతా ఆగస్టు 20దే, ప్రపంచ దోమల దినంగా జరిపేదీ ఆ రోజునే. కానీ రుజువు బరువు 21 మీదే ఎక్కువ ఉంది. మైక్రోస్కోపు కింద పెట్టిన ప్రతిదీ ఆ క్షణంలో ఆగిపోయిన బొమ్మ. దోమ చచ్చింది, కడుపు కోసేశారు, అందులో ఇంకేమీ జరగదు. జీవం నడకను పట్టుకోవాలంటే నిన్నటి బొమ్మనూ ఇవాళ్టి బొమ్మనూ పక్కపక్కన పెట్టాలి. మరుసటి ఏడాది కలకత్తాలో రాస్ పిచ్చుకల మలేరియాను తీసుకుని ఇదే పద్ధతిలో రోజు వెంట రోజు దోమలను కోస్తూ, క్రిమి కడుపు గోడ నుంచి లాలాజల గ్రంథుల దాకా నడిచిన దారిని గుర్తించాడు. మనుషుల మలేరియాలో ఆ చక్రాన్ని ఇటలీలో గ్రాస్సీ బృందం పూర్తి చేసింది. 1902లో రాస్‌కు నోబెల్ వచ్చింది. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఆయన పేరుతోనే నిలిచి ఉంది.

ఇప్పటికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జ్వరమొచ్చిన మనిషి వేలు గుచ్చి ల్యాబ్ టెక్నీషియన్ చేసేది ఆ పనికి కొనసాగింపే. ఒకే గాజుపలక మీద ఒక మందపు పూత, ఒక పల్చటి పూత వేస్తారు. మందపు పూతలో రక్తం ఎక్కువ కనుక క్రిమి ఉందో లేదో తేలుతుంది. పల్చటి పూతలో ఎర్ర కణాలు విడివిడిగా పరుచుకుంటాయి కనుక అది ఏ రకమో తేలుతుంది. వైవాక్స్ సోకిన ఎర్ర కణం పక్క కణాల కంటే ఉబ్బి ఉంటుంది. ఫాల్సిపారం సోకింది ఉబ్బదు, దాని ఒక దశ అరటిపండు ఆకారంలో వంగి ఉంటుంది. ఈ తేడా మీదే చికిత్స ఆధారపడుతుంది. వైవాక్స్ కాలేయంలో నిద్రపోయి మళ్లీ లేస్తుంది కాబట్టి రోగికి ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు మింగించాలి. క్షయ అనుమానంతో తెమడ పరీక్ష చేసేటప్పుడు, క్రిములు లేవని రాయాలంటే కనీసం వంద దృశ్యక్షేత్రాలు వెతకాలన్నది నియమం. ఒక్కో క్షేత్రంలో నీలి నేపథ్యం మీద ఎర్రటి సన్నటి పుల్ల కోసం వెతకాలి. రోజంతా అదే పని చేసే కళ్లకు ఈ దేశం చాలా రుణపడి ఉంది, ఆ రుణం గురించి మాట్లాడేవారు తక్కువ.

వరి కోతల కాలంలో ఇంకో పరీక్ష ప్రాణం మీదికి కాకపోయినా కంటి మీదికి వస్తుంది. వరి ఆకో, పొట్టో కంటికి తగిలి నల్లగుడ్డు మీద గీత పడుతుంది. ఆ గీతలో బాక్టీరియా చేరొచ్చు, ఫంగస్ చేరొచ్చు. పైకి రెండూ తెల్లటి పుండులాగే ఉంటాయి. ఫంగస్ అయితే, తెలియక వేసే స్టెరాయిడ్ చుక్కలు దానికి బలమిస్తాయి. పుండు మీంచి కాస్త గీకి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే కంటి కణాలు కరిగి పారదర్శకమవుతాయి, ఫంగస్ దారాలు కరగక మిగులుతాయి. నిమిషాల్లో తేలిపోయే విషయమిది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 1991 నుంచి 2000 వరకు పదేళ్ల రికార్డులను పరిశీలిస్తే, ఒక్క ఆ ఆసుపత్రిలోనే ఫంగస్ కంటి పుండ్లు నిర్ధారణ అయినవారు 1,300 మందికి పైగా తేలారు. పల్లె నుంచి వచ్చే ఆ రోగుల్లో ఎంతమందికి చూపు మిగులుతుందన్నది మొదటి వారంలో గాజుపలక మీద ఎవరు ఏం చూశారన్నదాని మీదే ఎక్కువగా ఉంటుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ మామూలు వెలుగుకు అందేవి. వెలుగుకు ఒక హద్దు ఉంది. జర్మనీలో ఎర్న్‌స్ట్ అబ్బే 1873లో దాన్ని లెక్కగట్టాడు: కాంతి తరంగం పొడవులో దాదాపు సగం కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను మామూలు లెన్సు విడదీసి చూపలేదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అందులో ఐదో వంతు దగ్గర తలుపు మూసుకుంటుంది. బాక్టీరియా ఇవతలే ఉంటుంది, వైరస్‌లలో దాదాపు అన్నీ అవతల ఉంటాయి. 1931లో ఎర్న్‌స్ట్ రుస్కా, మాక్స్ నోల్ వెలుగు బదులు ఎలక్ట్రాన్లు వాడి ఆ తలుపు తెరవడానికి దారి వేశారు. రుస్కాకు నోబెల్ రావడానికి 1986 దాకా పట్టింది.

శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి వైపు వెళితే జీనోమ్ వ్యాలీ వస్తుంది. అక్కడ తయారయ్యే టీకాల్లో ఒకదాని మూలం నేరుగా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు దగ్గర ఉంది. పసిపిల్లలకు వచ్చే తీవ్రమైన విరేచనాల్లో చాలావాటికి కారణమేమిటో 1970ల దాకా వైద్యులకు తెలియదు. ఏ బాక్టీరియా దొరికేది కాదు. 1973లో మెల్‌బోర్న్ పిల్లల ఆసుపత్రిలో రూత్ బిషప్ బృందం జబ్బుపడ్డ పిల్లల చిన్నపేగు పొర నుంచి చిన్న ముక్కలు తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టింది. తొమ్మిది మందిలో ఆరుగురి పేగు కణాల్లో వైరస్ గుండ్రంగా కనిపించింది. ఇక్కడ కూడా అసలు మాట రెండో బొమ్మ దగ్గరే ఉంది. కొందరు పిల్లలు కోలుకున్నాక కొన్ని వారాలకు మళ్లీ ముక్క తీసి చూశారు. వైరస్ లేదు. జబ్బు ఉన్నప్పుడు ఉంది, జబ్బు పోయాక పోయింది. బండిచక్రంలా కనిపించే ఆ వైరస్‌కు బర్మింగ్‌హామ్‌లో ఫ్లెవెట్ రోటావైరస్ అని పేరు పెట్టాడు.

ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎం.కె. భాన్ బృందం అప్పుడే పుట్టిన పిల్లల్లో ఒక వింత గమనించింది. కొందరు పసికందుల్లో రోటావైరస్ ఉంది, విరేచనాలు లేవు. పైగా పెద్దయ్యాక ఆ పిల్లలకు తీవ్రమైన జబ్బు రావడం తక్కువ. ఆ మెతక వైరస్సే 116ఇ. దాన్ని తీసుకుని జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ రోటావాక్ చుక్కల మందు చేసింది. 6,799 మంది శిశువులతో జరిగిన పరీక్షలో తీవ్రమైన రోటా విరేచనాలను అది సగానికి పైగా తగ్గించింది. 2015లో మందు విడుదలైంది. 2016లో జాతీయ టీకాల కార్యక్రమంలోకి రోటావైరస్ టీకా మొదట వచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఈ టీకా వైరస్ పెరగడానికి బతికున్న కణాలు కావాలి. అందుకు వాడేవి వీరో కణాలు. 1962లో జపాన్‌లో ఆఫ్రికా ఆకుపచ్చ కోతి మూత్రపిండం నుంచి వేరుచేసిన కణాల సంతతి అది. కోవాగ్జిన్ టీకా వైరస్‌ను కూడా పెంచింది వీటిలోనే. వీటిని చూడటానికి మైక్రోస్కోపునే తలకిందులు చేశారు: లెన్సు కింద ఉంటుంది, వెలుగు పైనుంచి పడుతుంది. సీసా అడుగున ఒకే పొరగా అతుక్కున్న కణాలను మూత తీయకుండా, కదిలించకుండా చూడొచ్చు. ఆ వెలుగులో వైరస్ కనపడదు. కణాలు మాత్రం కనపడతాయి. చాలా వైరస్‌లు సోకిన సీసాలో కణాలు గుండ్రబడి, ఒకదాన్నొకటి వదిలేసి, అడుగు నుంచి ఊడివస్తాయి. పక్కనే వైరస్ వేయని సీసా ఒకటి ఉంచుతారు. అది లేకపోతే కణాలు వైరస్ వల్ల చచ్చాయో, ఆకలితో చచ్చాయో ఎవరూ చెప్పలేరు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వైరస్ రూపాన్ని చూపుతుంది కానీ, దానికి గాలి లేని గది కావాలి, పల్చగా కోసిన నిర్జీవ పదార్థం కావాలి. బతుకును ఒక యంత్రం చూపిస్తుంది, రూపాన్ని ఇంకోటి చూపిస్తుంది. రెండూ కలిపితేనే వైరస్ కథ పూర్తవుతుంది.

ఇంత ఖరీదైన యంత్రాలకు కాస్త దూరంలోనే శామీర్‌పేట చెరువు ఉంది. ఆదివారాలు జనం కట్ట మీద కూర్చుని నీళ్లు చూసి వెళతారు. 1674లో హాలండ్‌లో డెల్ఫ్ట్ ఊరి బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ కూడా అలాగే ఒక చెరువు మీదుగా వెళ్లాడు. ఎండాకాలంలో ఆ నీళ్లు తెల్లబారి, ఆకుపచ్చ తెట్టు తేలేది. మంచు బిందువుల వల్ల అలా అవుతుందని అక్కడి జనం అనుకునేవారు. అతను ఒక గాజు సీసాలో ఆ నీళ్లు పట్టుకెళ్లి, తాను అరగదీసుకున్న చిన్న లెన్సులోంచి చూశాడు. మెలికలు తిరిగిన ఆకుపచ్చ దారాలు, వాటి మధ్య కదిలే జీవులు. రెండేళ్ల తర్వాత మిరియాలు నానబెట్టిన నీటిలో బాక్టీరియాను చూసి రాస్తే లండన్ రాయల్ సొసైటీ వాళ్లు మొదట నమ్మలేదు. 1677లో వాళ్లలో ఒకడైన రాబర్ట్ హుక్ స్వయంగా చేసి చూశాకే ఒప్పుకున్నారు.

హైదరాబాద్ నీళ్లను అలా ఓపికగా చూసినవాళ్లూ ఉన్నారు. 1960లలో ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు ఎ.ఆర్. జాఫర్ నగరంలోని చేపల చెరువుల నాచును, వి. వెంకటేశ్వర్లు మూసీ నది నాచును అధ్యయనం చేసి అంతర్జాతీయ పత్రికలో ప్రచురించారు. మురుగు కలిసే నీటిలో ఏ జాతులు పెరుగుతాయి, శుభ్రమైన నీటిలో ఏవి ఉంటాయి అన్నది అలాంటి పరిశీలనల నుంచే తెలిసింది. రసాయన పరీక్ష ఆ రోజు నీళ్ల సంగతి చెబుతుంది. నాచు కొన్ని వారాలుగా నీళ్లు ఎలా ఉన్నాయో చెబుతుంది.

ఈ పని శామీర్‌పేట, మేడ్చల్ మండలాల బడిపిల్లలు చేయగలరు, చేయాలి. చాలా బడుల్లో మైక్రోస్కోపు బీరువాలో ఉంటుంది, పరీక్షల ముందు ఒకసారి బయటికొచ్చి, తయారుగా అమ్మే ఉల్లిపొర స్లైడు చూపించి మళ్లీ లోపలికి పోతుంది. పిల్లలకు కావలసింది వాళ్లే నీళ్లు తెచ్చి, వాళ్లే చుక్క వేసి చూసే అవకాశం. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్ బృందం 2014లో ప్రకటించిన ఫోల్డ్‌స్కోప్ మడతపెట్టిన కాగితం, చిన్న లెన్సు, అంతే. ప్రతి బిడ్డ జేబులో ఒకటి పెట్టొచ్చు. చెరువు కట్ట మీద ఒకే చోటు, రోజులో ఒకే వేళ, నెలకొక సీసా. నోటు పుస్తకంలో తేదీ, వాన పడిందా లేదా, నీళ్ల రంగు, కనిపించినవాటి బొమ్మలు చేత్తో గీసినవి. పేర్లు తెలియకపోయినా ఫర్వాలేదు, ఆకారం సరిగ్గా గీస్తే పేరు తర్వాత దొరుకుతుంది. పెట్టెల్లాంటి గాజు పెంకుల డయాటమ్‌లు ఏ నెలలో ఎక్కువ, నీలి ఆకుపచ్చ నాచు ఏ నెలలో తేలుతుంది, కొత్త కాలనీ మురుగు కలిసే మూల ఎలా ఉంది, కలవని మూల ఎలా ఉంది. పేర్లు పట్టడానికి సాయం కావాలంటే చుట్టుపక్కలే బిట్స్ ప్రాంగణం ఉంది, దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. మొదలుపెట్టడానికి మృగశిర కార్తె మంచి అదను: కొత్త నీరు చెరువులోకి దిగకముందు ఒక సీసా, దిగిన వారానికి ఇంకో సీసా.